ఐదు కుచ్చిళ్ళు

చిత్తూరు,
ఫిబ్రవరి 10.

జయా,

ఉత్తరం చూసి ఉలిక్కిపడకు. మీ అక్కకు ఏమీ కాలేదు. బీపీ అదుపులోనే ఉంది, మోకాళ్ళు మాత్రం నా మాట వినడం మానేశాయి. ఫోన్ ఉండగా ఈ కాగితాలెందుకని అడుగుతావని తెలుసు. ఫోన్‌లో అయితే నేను చెప్పాలనుకున్న మాట ఎత్తగానే నువ్వు టక్కున పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టేయలేవు, కోపంగానైనా చివరిదాకా చదువుతావు. ముప్పై రెండేళ్ళు పోస్టాఫీసులో పనిచేసినదాన్ని, ఆ మాత్రం తెలుసు నాకు.

పోయిన ఆదివారం సినిమాకు వెళ్ళాను. మా మేడమీది గదిలో బాడుగకు ఉండే అమ్మాయి తీసుకుపోయింది. మెత్తటి కుర్చీలు, వణికించే చలి. కుర్చీలో కూర్చున్నానన్న మాటే గానీ మనసంతా మన చిన్నప్పటి డేరా హాల్లోనే ఉంది. నేల టిక్కెట్టు కొని, ఇసుక కుప్పగా పోసి దానిమీద నువ్వు రాజులా కూర్చునేవాడివి. వెనకాల వాళ్ళు "రేయ్, తల దించరా" అని అరిచేవాళ్ళు. ఇంటికొచ్చాక అమ్మ తువ్వాలు పైటగా వేసుకొని హీరోయిన్ పాటంతా ఆడి చూపించేవాడివి. నాయన నులకమంచం మీద కూర్చొని నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకునేవాడు. నిన్ను ఎవరూ కొట్టలేదు జయా. ఎవరూ తిట్టను కూడా తిట్టలేదు.

నేను చూసిన సినిమాలో ఒక పాటకు హీరో చీర కట్టుకొని ఆడతాడు. పైట సర్దుకుంటూ తెరమీదికి వచ్చాడో లేదో, హాలంతా లేచి నిలబడింది. ఈలలు, గాల్లోకి కాగితాలు. నా పక్కన ఉన్న పెద్దమనిషికి నీ వయసే ఉంటుంది. "అబ్బా, చీరలో ఏముండాడప్పా!" అని తొడ చరుచుకున్నాడు. నేనూ చప్పట్లు కొట్టాను. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే మాత్రం సిగ్గేసింది.

ఎందుకంటే నీ బిడ్డ గుర్తొచ్చింది. ఇదే నేను చెప్పాలనుకున్న మాట. "నేను మగపిల్లోణ్ణి కాదు నాయనా, ఆడపిల్లను" అన్నందుకు పందొమ్మిదేళ్ళ బిడ్డను గడప దాటించావు. తొమ్మిదేళ్ళయింది. ఆ బిడ్డ తల్లి తిరుమలమ్మ కూడా పోయింది. నలభై ఏళ్ళు లాడ్జీ కౌంటర్లో కూర్చొని, దేశంలో ఏ మూలనుంచి ఎవరొచ్చినా గది తాళం చేతికిచ్చినవాడివి. కన్నబిడ్డకు ఇంట్లో చోటివ్వలేకపోయావా?

కోపమొస్తే వచ్చింది. జవాబు రాయి.

అక్క,
పంకజాక్షి


తిరుపతి,
మార్చి 25.

అక్కకు,

నువ్వు చెప్పినట్టే కోపంగా, చివరిదాకా చదివాను. జవాబు రాయకూడదనే ఇన్నాళ్ళు ఊరుకున్నాను. ఇప్పుడు రాయడానికి కారణం వేరే.

కింద పడ్డాను. మేడమీద ఆరేసిన పంచె తీసుకొని దిగుతూ, మెట్లు అయిపోయాయనుకున్నాను. ఇంకొకటి ఉంది. ఎడమ మణికట్టు విరిగింది. పక్కింటి దావూద్ తన ఆటోలో ఎక్కించుకొని, "ఊరినిండా ఆసుపత్రులు పెట్టుకోని పుత్తూరు ఏంటికి సార్?" అని దారంతా గొణిగాడు. మన నాయన కాలు నిలబెట్టింది పుత్తూరు కట్టే కదా, నాకు వేరే చోట నమ్మకం కుదరదు. ఆకు పసరూ కోడిగుడ్డూ పట్టించి, వెదురు బద్దలు పెట్టి కట్టారు. "జాతర నాటికి నయమవుతుందా?" అంటే కట్టు కట్టే పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "చెయ్యి ఆడిచ్చినావంటే మళ్ళా జాతరదాకా ఈడనే ఉంటావు" అన్నాడు. ఇల్లంతా కోడిగుడ్డు వాసన. పిల్లులు వెంటపడుతున్నాయి.

నా దిగులు చేయి గురించి కాదు. మే నెలలో జాతర. ఆడవేషం ఎలా కట్టేది? బిడ్డకు రెండేళ్ళప్పుడు అమ్మవారు పోసి కళ్ళు తెరవకుండా పడి ఉంటే, నన్నొక మాటైనా అడక్కుండా తిరుమలమ్మ గంగమ్మకు మొక్కేసింది. "బిడ్డ బతికితే వాళ్ళ నాయన బతికినన్నాళ్ళూ జాతరకు చీర కట్టి నీ ముందుకొస్తాడు తల్లీ" అని. మొక్కింది తను, కట్టాల్సింది నేను! ఈ ఊళ్ళో జాతరకు మగవాళ్ళు చీర కట్టడం వింతేమీ కాదు గానీ, మొదటి ఏడు లాడ్జీ వాళ్ళు చూస్తారేమోనని సందుల్లోంచి వెళ్ళాను. తర్వాత తర్వాత నేనే ముందు నడిచాను. ఇరవై ఐదు జాతరలు. కరోనా ఏళ్ళలో కూడా హాల్లో చీర కట్టుకొని పటం ముందు నిలబడ్డాను. ప్రతిసారీ కట్టింది తిరుమలమ్మే. ఆమె పోయిన తర్వాతి ఏడు మైల కాబట్టి కట్టలేదు. ఈ ఏడు కడదామంటే ఒంటిచేయి. గంగమ్మకు నామీద కోపం వచ్చిందేమోనని భయంగా ఉంది.

ఇక ఆ మాట మాత్రం ఎత్తొద్దు. మొక్కు వేరు, అది వేరు.

జయరావు


చిత్తూరు,
మార్చి 30.

జయా,

మొక్కు వేరు, అది వేరు అని ఎంత సులువుగా రాశావు. ఎవరు బతకాలని మొక్కిన మొక్కురా అది? సరే, నువ్వు ఎత్తొద్దన్నావు, ఎత్తను.

చీర సంగతికి నా దగ్గర ఉపాయముంది. మా మేడమీది అమ్మాయి పనే అది. పెళ్ళికూతుళ్ళను అలంకరిస్తుంది. ఇప్పుడు కొత్త పద్ధతి ఒకటి వచ్చింది, విన్నావో లేదో. చీరకు ముందుగానే కుచ్చిళ్ళు పెట్టి, పైట మడతలు పెట్టి, ఇస్త్రీ చేసి, పిన్నులు గుచ్చి అట్టపెట్టెలో సర్ది ఇస్తారు. కట్టుకునేవాళ్ళు నడుముకు చుట్టి దోపుకుంటే చాలు. మన రోజుల్లో చీర కట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలంటే నవ్వేవాళ్ళు. ఇప్పుడు ఆదివారం వస్తే మా మెట్లమీద చీరల సంచులతో ఆడవాళ్ళు వరసకట్టి కూర్చుంటున్నారు. పనిలో ఆ పిల్ల చేతులు చూస్తే ముచ్చటేస్తుంది. ఇస్త్రీపెట్టెను బుగ్గ దగ్గర పెట్టుకొని వేడి చూస్తుంది, వద్దని ఎన్నిసార్లు చెప్పినా వినదు.

తిరుమలమ్మ ఆకుపచ్చ చీర ఉంది కదా, ఎర్రంచుది, నువ్వు ఏటా కట్టేది. ఆర్టీసీ పార్సిల్లో పంపించు. ఒంటిచేత్తో కట్టుకునేలా చేసి పంపిస్తాం.

పిల్లులకు పాలు పొయ్యకు, అలవాటవుతాయి.

అక్క


తిరుపతి,
ఏప్రిల్ 8.

అక్కకు,

చీర పార్సిల్ చేశాను. బీరువా తెరిచి దాన్ని బయటికి తియ్యడానికే నాకు రెండు రోజులు పట్టింది. కలరా ఉండల వాసన మధ్యలో ఇంకా ఆమె వాసన ఉంది, నీకు నవ్వొచ్చినా సరే.

జాతర పొద్దున తిరుమలమ్మ నన్ను స్టూలు మీద నిలబెట్టేది. తను నడుము దగ్గర దోపుతుంటే, వాడు నేలమీద చతికిలబడి కింద కుచ్చిళ్ళు పట్టుకునేవాడు. "కదలద్దు నాయనా, సరిగ్గా రాలా" అని నన్నే గదిమేవాడు. ఐదేళ్ళుండేవేమో. కట్టడం అయిపోయాక నా చుట్టూ తిరిగి చూసి, "మా నాయన ఎంత బాగుండాడో" అని చప్పట్లు కొట్టేవాడు. ఈ మాట ఎందుకు రాశానో నాకు తెలియదు. రాసింది కొట్టేస్తే కాగితం అసహ్యంగా ఉంటుందని వదిలేస్తున్నాను.

రాశాను కాబట్టి మిగతాది కూడా రాస్తాను. ఆ రోజు అదే చీర వాడి ఒంటిమీద చూశాను. అద్దం ముందు నిలబడి ఉన్నాడు. జాతర అయిపోయి నాలుగు నెలలైంది. "ఈ నెలలో ఏం వేషంరా ఇది?" అని అరిచాను. వాడు భయపడలేదు అక్కా. నా కళ్ళలోకి చూసి, "ఏడాదికొక దినం నువ్వు కట్టేది వేషం నాయనా. నాకు ఇది వేషం కాదు. మిగతా దినాలు ప్యాంటేసుకోని తిరిగేదే నా వేషం" అన్నాడు. జవాబు తట్టని కోపంతోనే గడప చూపించాను. ఇప్పటికీ తట్టలేదు.

మీ మేడమీది అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పు. నిన్ను సినిమాకు తీసుకుపోతోందంటే మంచి పిల్లే అయి ఉంటుంది. ఇస్త్రీపెట్టె బుగ్గకు దగ్గరగా పెట్టుకోవద్దని నేను కూడా చెప్పానని అను.

జయరావు


తిరుపతి,
ఏప్రిల్ 17.

అక్కా,

పెట్టె వచ్చింది. కుచ్చిళ్ళు లెక్కపెట్టాను. ఐదు.

ఆ చీరకు ఎవరు పెట్టినా ఏడెనిమిది వస్తాయి. తిరుమలమ్మ నాకు మాత్రం వెడల్పుగా ఐదే పెట్టేది. నేను పెద్ద పెద్ద అంగలేస్తానని, ఎక్కువ కుచ్చిళ్ళు పెడితే కాళ్ళకు చుట్టుకొని గుడిమెట్ల మీద పడతానని. మొదటి కుచ్చి అంచు లోపలికి మడిచి పిన్ను గుచ్చేది. ఇందులోనూ అలాగే మడిచి ఉంది. ఈ సంగతి నేను నీకు ఎప్పుడూ చెప్పలేదు. తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకామె పోయింది.

మీ మేడమీద ఉండేది ఎవరు?

జయరావు


చిత్తూరు,
ఏప్రిల్ 20.

జయా,

నీ బిడ్డే.

దాచాను, తప్పే. తిట్టాలనుకుంటే నన్ను తిట్టు, ఆ పిల్లను అనొద్దు. చీర తీసుకోగానే, "అత్తా, కుచ్చిళ్ళు ఏడు పెడితే నాయనకు తెలీదు. ఐదు పెడితే తెలిసిపోతాది. ఎన్ని పెట్టేది?" అని అడిగింది. నీ ఇష్టమన్నాను. పొద్దుటినుంచి మధ్యాహ్నందాకా ఆ చీర ముందు ఊరికే కూర్చుంది. తర్వాత, "ఏడు పెడితే నాయన పడిపోతాడు అత్తా" అని ఐదే పెట్టింది.

నేనేదో మహా మంచిదాన్నని అనుకోకు. మూడేళ్ళ కిందట మా ఇంటికి వచ్చినప్పుడు గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడాను. ఇరుగుపొరుగు చూస్తారని కంగారు. మంచినీళ్ళు అడిగితే మూలనున్న పాత గ్లాసులో ఇచ్చాను. అది తాగి, గ్లాసు కడిగి గోడమీద బోర్లించి వెళ్ళింది. ఆ బోర్లించిన గ్లాసు చూసి నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. వెతుక్కుంటూ వెళ్ళి పిలుచుకొచ్చాను. వచ్చిన తర్వాత కూడా తప్పులు చేశాను. టీవీలో మగవాళ్ళు చీరలు కట్టుకొని వంకర్లు తిరిగే హాస్యం కార్యక్రమం వస్తుందే, నేను పగలబడి నవ్వుతుంటే ఆ పిల్ల నీళ్ళు తెస్తానని లేచి వెళ్ళేది. రోజూ అదే వేళకు దాహం ఎందుకవుతోందో నాకు అర్థం కావడానికి నెల పట్టింది. ఇప్పుడు ఆ వేళకు పాత పాటలు పెట్టుకుంటాం.

ఇంకొకటి చెప్పాలి. తిరుమలమ్మకు అంతా తెలుసు. నువ్వు డ్యూటీకి వెళ్ళాక ప్రతి శనివారం బిడ్డకు ఫోన్ చేసేది. ఆమె పోయిన రోజు ఈ పిల్ల తిరుపతికి వచ్చింది. నువ్వు ఏమంటావోనని మీ వీధి మొదట్లో ఆటోలోనే కూర్చొని, తల్లిని తీసుకుపోతుంటే అక్కడినుంచే దండం పెట్టుకుంది. ఆ ఆటో దావూద్‌దే. నీకు చెప్పొద్దని అతని చేత ఒట్టు వేయించుకుంది.

ఇప్పుడు పేరు కోమలి. పెట్టింది తిరుమలమ్మే. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే పెట్టాలని మీరిద్దరూ అనుకున్న పేరు.

ఇక నేను రాయను. నువ్వే రాయాలి, నాకు కాదు.

అక్క


తిరుపతి,
ఏప్రిల్ 27.

చిరంజీవి కోమలికి,

ఈ పేరు రాయడానికి నాలుగు కాగితాలు చించాను. మొదటిదాంట్లో పాత పేరు రాశాను. రెండోదాంట్లో ఏ పేరూ రాయలేదు. తర్వాతవి ఎందుకు చించానో అడగొద్దు.

నువ్వు పెట్టిన కుచ్చిళ్ళు బాగున్నాయి. పెట్టెలోంచి తీసి ఒంటిచేత్తో కట్టుకోవచ్చని మీ అత్త రాసింది. ప్రయత్నించాను, నా వల్ల కాలేదు. పైట జారిపోతోంది. నిజం చెప్పాలంటే సరిగ్గా ప్రయత్నించలేదు.

మే మొదటి బుధవారం నుంచి జాతర. నేను చీర కట్టే రోజు ఆదివారం. ఆ రోజు పొద్దున వచ్చి కట్టి, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోవచ్చు. ఎవరైనా నిన్ను చూసి ఎవరని అడిగితే ఏం చెప్పాలో నాకింకా తెలియదు. అబద్ధమాడను, నాకు భయంగా ఉంది. నువ్వు రాకపోతే నేనేమీ అనుకోను. అనుకునే హక్కు నాకు లేదు.

ఆటోలో కూర్చున్న సంగతి మీ అత్త రాసింది. ఇరవై అడుగుల దూరం కూడా లేదు కదమ్మా.

నాయన


తిరుపతి,
మే 16.

అక్కా,

నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఆదివారం రమ్మంటే మంగళవారమే పంపిస్తావా? పైగా "నాకు మోకాళ్ళ నొప్పులు, తేదీ పొరపాటు పడ్డాను" అని కబురు. తిరుపతిలో పుట్టకపోయినా చాటింపు రోజు ఏదో నీకు తెలియదా?

మధ్యాహ్నం బస్సుకు దిగింది. సంచి గడప పక్కనే పెట్టి నిలబడింది. నేను గడపలోంచి పక్కకు తప్పుకున్నాను. వచ్చింది. తల్లి ఫోటో ముందు చాలాసేపు కూర్చుంది. నేను వంటింట్లోకి పోయి ఒంటిచేత్తో కాఫీ కలిపాను, సగం ఒలికింది. "పొద్దున్నే పోయి, మళ్ళా ఆదివారం వస్తా నాయనా" అంది. ఆ రాత్రే చాటింపు పడింది. డప్పు మా వీధిలోంచే పోయింది. చాటింపు పడ్డాక ఊళ్ళో ఉన్నవాళ్ళు జాతర అయ్యేదాకా పొలిమేర దాటకూడదు కదా. తెల్లారి సంచి భుజాన వేసుకుంటుంటే నేనే అన్నాను. "నిలువు. గంగమ్మ ఊరికి గీత గీసినాక నిన్ను పంపేదానికి నేనెవర్ని?" అని.

మొదటి రెండు రోజులు ఇద్దరం ఇంట్లో చుట్టాల్లా తిరిగాం. నేను దగ్గితే అది ఉలిక్కిపడేది. మూడోరోజు నా చేయి కట్టు వాసనకు వచ్చిన పిల్లిని చూసి, "నాయనా, ఇది నిన్ను కూర అనుకుంటా ఉండాది" అని నవ్వింది. అది అచ్చం వాళ్ళమ్మ నవ్వు. నేను అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

ఆదివారం స్టూలెక్కి నిలబడ్డాను. కోమలి నడుము దగ్గర దోపి, కిందికి వంగి కుచ్చిళ్ళు సర్దుతోంది. అప్పుడే గురప్ప వచ్చాడు. ఏటా నాకు మల్లెపూల జడ, వేపమండలు తెచ్చిచ్చే పూలకొట్టు గురప్ప. గడపలోనే ఆగి, "ఈయమ్మ ఎవురప్పా?" అన్నాడు. అబద్ధమాడనని కాగితం మీద రాసి ఇచ్చినవాణ్ణి. నా నోట్లోంచి ఏమొచ్చిందో తెలుసా? "మా అక్క వాళ్ళింట్లో బాడుగకుండే అమ్మాయి. చీరలు బాగా కడతాదని పిలిపించినా" అన్నాను.

కోమలి తల ఎత్తలేదు. చేతులు మాత్రం ఒక్క క్షణం ఆగాయి. మళ్ళీ పిన్ను గుచ్చింది. అయిపోయాక నా చుట్టూ తిరిగి చూసి, "బాగుండాది" అంది. చప్పట్లు కొట్టలేదు.

గుడికి బయల్దేరాను. ఎండ, జనం, పసుపు. నాలాంటి చీరలు ఎన్నో. దండాలు పెట్టేవాళ్ళు పెడుతున్నారు, సెల్ఫీలు తీసుకునే పిల్లలు తీసుకుంటున్నారు. నీ సినిమా హాల్లో మాదిరే ఒకడు ఈల కూడా వేశాడు. ఇందరు ఇంత గౌరవించే చీర నా ఒంటిమీద ఉంది. ఇది ఎవరి కోసం కట్టిన చీరో ఆ బిడ్డ ఇంట్లో కూర్చొని ఉంది. గుడి కనబడేదాకా పోయాను. ఆ మాట కడుపులో పెట్టుకొని గంగమ్మ ముందుకు పోవడానికి కాళ్ళు రాలేదు అక్కా. వెనక్కి తిరిగాను. ఐదు కుచ్చిళ్ళు కాబట్టి సరిపోయింది, పెద్ద పెద్ద అంగలేసుకుంటూ గురప్ప కొట్టుకు పోయాను.

చీరలో, చేయి మెడకు వేలాడేసుకొని, చెమటలు కక్కుతూ నిలబడి, "గురప్పా, పొద్దున నేను చెప్పింది అబద్ధం. ఆ పిల్ల నా కూతురు. ఇన్నేండ్లు నేను ఈ చీర కట్టింది దాని కోసరమే" అన్నాను. కొట్టు ముందు పదిమంది ఉన్నారు. అందరూ విన్నారు.

గురప్ప పూలు కట్టడం ఆపలేదు. "తెలుసులేప్పా. చిన్నప్పుడు కూడా నాలిక బయట పెట్టే కదా కుచ్చిళ్ళు సర్దుతా ఉండె. పొద్దున్నే గుర్తుపట్టినా. నువ్వు చెప్తావేమోనని అడిగినా" అన్నాడు. ఒక మూర మల్లెపూలు తెంచి నా చేతికిచ్చి, "ఇది నీకు కాదు, పాపకు" అన్నాడు.

ఇంటికి పోయి పూలిచ్చి, "రా, గుడికి పోదాం" అన్నాను. "ఎవురన్నా అడిగితే?" అంది. "అడిగినోళ్ళకు చెప్పేసే వస్తా ఉండా" అన్నాను. దారిలో నా చేతికి కట్టు కాబట్టి కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకొని కోమలే నడిపించింది. గంగమ్మ ముందు ఇద్దరం నిలబడ్డాం. నేనేమీ కోరుకోలేదు. కోరుకున్నది ఎప్పుడో ఇచ్చింది, తీసుకోవడమే నాకు ఆలస్యమైంది.

మొన్నటితో జాతర అయిపోయింది, పొలిమేర దాటొచ్చు. పెళ్ళిళ్ళ పని ఉందని కోమలి రేపు బయల్దేరుతోంది. బీరువాలో వాళ్ళమ్మ చీరల అర ఒకటి ఖాళీ చేసి దానికిచ్చాను, వచ్చినప్పుడల్లా బట్టలు పెట్టుకోవడానికి. ఇంటి తాళం ఇంకొకటి చేయించి ఇచ్చాను.

నిన్న పుత్తూరులో కట్టు విప్పేశారు. చేయి బాగా ఆడుతోంది, పొద్దున ఎవరూ చూడకుండా బిందె కూడా ఎత్తాను. ఆ సంగతి కోమలికి చెప్పొద్దు. వచ్చే జాతరకు కూడా నొప్పిగానే ఉంటుందని చెప్పాను.

జయరావు